మన తస్వీర్లు ఎందుకు బేరంగ్ అయిపోతున్నాయి?



మన ఖాందాన్లలో ఒక ఉల్టా లెక్క నడుస్తోంది. మీ ఇంట్లో అల్మారా తీసి చూడండి. 1950ల్లో దాదా స్టూడియోలో కుర్చీ మీద కూర్చుని దిగిన నలుపు తెలుపు ఫోటో ఉంటుంది. అంచులు చిరిగి ఉంటాయి, మూల మడత పడి ఉంటుంది, కానీ షేర్వాణీ గుండీలు లెక్కపెట్టొచ్చు. పక్కనే 1984 నాటి అబ్బా అమ్మీల నికా ఫోటో. అది కలర్, కాబట్టి ఇప్పుడు మొత్తం ఎర్రగా ఉంటుంది, పచ్చ చీర కూడా ఇటుక రంగుకు తిరిగి ఉంటుంది. ఇక గోడ మీద పదేళ్ల కింద ఇంక్‌జెట్ ప్రింటర్లో తీయించి ఫ్రేము కట్టించిన నానీ ఫోటో. అందులో ఫ్రేము ఉంది, గాజు ఉంది, నానీయే లేదు. పసుపూ నీలమూ కలిసిన ఒక మబ్బు మిగిలింది.

జమానా ముందుకు పోయేకొద్దీ తస్వీర్ ఉమర్ తగ్గిపోతోంది. దీన్ని తక్దీర్ అనుకుని ఊరుకునేవాళ్లతోనే నా జగడా. ఇది తక్దీర్ కాదు, సియాహీ సంగతి. ఏ సియాహీతో ప్రింటు చేస్తున్నారో అడగని మన గఫ్లత్ ఒకవైపు, అడిగినా చెప్పని దుకాణాలు ఇంకోవైపు.

దాదా ఫోటో వెండి. ఆ కాగితం మీద నలుపంతా సన్నని వెండి రేణువులే, అవి ఎండకు సులభంగా లొంగవు. అబ్బా ఫోటోలోది వెండి కాదు, రంగు డై. ఆ కాలపు కలర్ కాగితాల్లో నీలిరంగు పొర చీకట్లో పెట్టినా మెల్లగా చచ్చిపోయేది. అది పోతే మిగిలేది ఎరుపే, అందుకే ఆ తరం పెళ్లిళ్లన్నీ ఎర్రబడ్డాయి. ఇక నానీ ఫోటో ఇంక్‌జెట్ డై ఇంక్‌ది, అదీ అసలు ఇంక్ కాదు, సీసాల్లో వచ్చే చౌక రీఫిల్.

ఆ నానీ మా నానీయే. ఆమె బతికినంత కాలం దిగింది రెండు ఫోటోలు. ఒకటి రేషన్ కార్డుకు, ఇంకొకటి మా ఖాలాజాద్ పెళ్లిలో ఎవరో ఫోన్లో తీసింది. నానీ ఇంతిఖాల్ తర్వాత ఆ ఫోన్లో బొమ్మను ఊళ్లో ఒక దుకాణానికి తీసుకుపోయి పెద్దది చేయించాం. "ఫోటో ప్రింటర్ భాయ్, ఆరు రంగులు, వాటర్‌ప్రూఫ్" అన్నాడు. ఇంక్ ఏదని అడిగితే "కంపెనీదే భాయ్" అన్నాడు. వరండా గోడకు తగిలించాం. మూడు ఎండాకాలాలకు పెదాలు పోయాయి, అయిదో ఏటికి కళ్లు పోయాయి. ఫోటో తీసిన ఫోన్ అప్పటికే పగిలిపోయింది.

"ఫోన్లో ఉంది కదా, ప్రింటు ఎందుకు?" అనేవాళ్లకు దీనికంటే వేరే జవాబు అక్కర్లేదు. ఫోన్లో ఉన్నది ఫోన్ ఉన్నన్నాళ్లే. వాట్సాప్‌లో వచ్చిన తస్వీర్ అసలు తస్వీరే కాదు, నలిపి పంపిన నకలు. మా వైపు కరువుకు కువైట్ పోయినవాళ్లూ బెంగళూరు పోయినవాళ్లూ నంబర్లు మారుస్తుంటారు, ఫోన్లు మారుస్తుంటారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది, ఆ కాస్తా వేళకు పడదు. వేరుశనగ ఎండిపోయినప్పుడల్లా ఇంట్లోంచి ఒక మనిషి బయటికి పోతాడు. మిగిలినవాళ్లకు అతడి మొహం కాగితం మీద ఉండాలి. పెట్టె అడుగున చీరల మధ్య పెట్టుకునే కాగితానికి పాస్‌వర్డ్ ఉండదు.

ఇప్పుడు సియాహీ సంగతికి వద్దాం. చాయ్‌లో చక్కెర వేస్తే కరిగిపోతుంది, వెతికితే దొరకదు. డై ఇంక్ అట్లాంటిది, నీళ్లలో పూర్తిగా కరిగిన రంగు. కాగితం పొరలోకి ఇంకిపోయి బ్రహ్మాండంగా మెరుస్తుంది. కానీ దాంట్లో ప్రతి అణువూ ఒంటరి. ఎండ తగిలితే విరుగుతుంది, గాలిలోని ఓజోన్ తగిలినా విరుగుతుంది. పిగ్మెంట్ ఇంక్ సుర్మా లాంటిది. సుర్మా కరగదు, ఎంత నూరినా పొడిగానే ఉంటుంది. పిగ్మెంట్ ఇంక్‌లో రంగు అట్లాగే కంటికి కనబడనంత సన్నని రేణువులుగా ఉంటుంది, వాటి చుట్టూ ఒక రెసిన్ పొర. ఎండ పైనున్న అణువులను కొరికినా లోపల ఇంకా వేలకు వేలు ఉంటాయి. అందుకే ఏళ్లు తట్టుకుంటుంది.

ఇది జపాన్ వాళ్లు కొత్తగా కనిపెట్టిన కరామత్ ఏమీ కాదు. మన కాతిబ్‌లు దీపం మసిని బబూల్ జిగురులో నూరి రోష్నాయీ చేసుకునేవాళ్లు. మసి అంటే కార్బన్, అదీ పిగ్మెంటే. జిగురు పని ఇప్పుడు రెసిన్ చేస్తోంది. వందల ఏళ్ల నాటి హస్తలిఖిత ఖురాన్ ప్రతుల్లో కాగితం గోధుమరంగుకు తిరిగినా అక్షరం నల్లగా ఎందుకు నిలిచిందో ఇప్పుడు అర్థమైందా? మన పక్కనే లేపాక్షి ఉంది. పదహారో శతాబ్దంలో కప్పు మీద వేసిన బొమ్మలు, రాళ్లూ మట్టీ నూరి చేసిన రంగులు. అక్కడక్కడ పెచ్చులూడాయి గానీ ఊడని చోట ఎరుపు ఎరుపుగానే ఉంది. రంగు రేణువుగా ఉంటే నిలుస్తుంది, నీళ్లలో కరిగిన రంగు తొందరగా పోతుంది. ఇంత పాత ఇల్మ్ చేతిలో ఉండి మనం నానీని చక్కెర నీళ్లతో అచ్చు వేయించాం.

కంపెనీలకు ఈ సంగతి తెలియదనుకోకండి. 2000లో ఎప్సన్ స్టైలస్ ఫోటో 870, 1270 అనే డై ప్రింటర్లు బజారులోకి తెచ్చింది. కొన్ని ఇళ్లలో ఆ ఫోటోలు వారాల్లోనే నారింజ రంగుకు తిరిగాయి. గాలిలోని ఓజోన్ నీలి డైని తినేసింది. అమెరికాలో పెద్ద గొడవైంది. అదే ఏడాది అదే కంపెనీ 2000పీ అనే పిగ్మెంట్ ప్రింటర్ కూడా తెచ్చి, దాని ప్రింట్లు రెండు వందల ఏళ్లుంటాయని చాటింది. దానికి దాని ఐబు ఉంది, ఒకే ఫోటో లైటు కింద ఒక రంగు, కిటికీ దగ్గర పచ్చగా ఇంకో రంగు కనబడేది. తర్వాత 2002లో, 2005లో వచ్చిన అల్ట్రాక్రోమ్ ఇంక్‌లు ఆ తేడాను చాలావరకు తగ్గించాయి. కానన్‌కు లూసియా అనే పిగ్మెంట్ ఇంక్ ఉంది. అంటే ఇరవై ఏళ్లకు పైగా దవా తయారుగా ఉంది. మన దాకా రాలేదు, అంతే.

ఎందుకు రాలేదో కూడా చెప్తాను, ఇదే నన్ను ఎక్కువ మండించేది. 2010లో ఎప్సన్ ఇండోనేషియాలో మొదలుపెట్టి మనలాంటి దేశాలకు ఇంక్‌ట్యాంక్ ప్రింటర్లు తెచ్చింది. సీసాతో ఇంక్ పోసుకోవచ్చు, పేజీకి పైసల్లో ఖర్చు. మంచిదే, దాంతో బతికే జిరాక్స్ షాపులు వేలున్నాయి. కానీ ఫోటో కోసమని మన స్టూడియోలు కొన్న ఆరు రంగుల ఎల్ 805లో పోసేది డై, 70 మిల్లీలీటర్ల సీసాలు. కానన్ జీ సిరీస్‌లో, హెచ్‌పీ స్మార్ట్ ట్యాంక్‌లో నలుపు పిగ్మెంటే, రంగులు మాత్రం డై. మరి రంగులన్నీ పిగ్మెంట్ అయిన ఫోటో ప్రింటర్? కానన్ ప్రో-300 తీసుకోండి. పది డబ్బీలు, ఒక్కోదానిలో 14.4 మిల్లీలీటర్లు. అంటే మూడు చెంచాలు కూడా కాదు. ప్రింటర్ ఖరీదు మోటర్ సైకిల్ దగ్గరికి పోతుంది. గరీబుకు చౌకగా వెలిసిపోయే రంగు, అమీరుకు ఖరీదుగా నిలిచే రంగు. సీసాల్లో పిగ్మెంట్ పోసుకునే ట్యాంకు ప్రింటర్లు ఆఫీసుల కోసం నాలుగు రంగుల్లో చేయగలిగినవాళ్లు, ఫోటో కోసం ఎందుకు చేయరు? చేయలేక కాదు, చిన్న డబ్బీలో లాభం ఎక్కువ కాబట్టి అనే నేను అనుకుంటున్నాను. వాళ్లు కాదంటే చేసి చూపించమనండి.

డబ్బా మీద రాసే ఏళ్ల లెక్కలో కూడా చిన్న హిక్మత్ ఉంది. డై ప్రింటర్ డబ్బాల మీద కూడా వంద, రెండు వందల ఏళ్లని రాస్తారు. చిన్న అక్షరాలు చదవండి: కంపెనీ సొంత కాగితం మీద, కంపెనీ ఇంక్‌తో, గాజు కింద లేదా చీకటి ఆల్బమ్‌లో. ఈ పరీక్షలకు పేరున్న అమెరికా సంస్థ విల్హెల్మ్ ఇమేజింగ్ రీసెర్చ్ ఇంటి గోడ లెక్కగా తీసుకునేది రోజుకు 12 గంటలు, 450 లక్స్ వెలుతురు. మన నేరుటెండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. మా వైపు వరండాలు పడమటికి తెరిచి ఉంటే మధ్యాహ్నం మూడు నుంచి గోడ మీద ఫోటోకు నేరుగా కొడుతుంది. పిగ్మెంట్ అయినా ఆ ఎండలో పెట్టకూడదు. ఇక చౌక రీఫిల్ డైకి ఆ ఏళ్ల లెక్క వర్తించనే వర్తించదు, అయినా దుకాణంలో అదే డబ్బా చూపిస్తారు.

మీ దుకాణదారు మాట నమ్మాలో వద్దో మీరే తేల్చుకోవచ్చు. ఆయన ప్రింటర్లో మామూలు తెల్లకాగితం మీద నాలుగు రంగుల గీతలు తీయమనండి. ఆరాక ఒక్కో గీత మీద ఒక నీటి చుక్క వేయండి. డై పాకుతుంది, పిగ్మెంట్ ఉన్నచోటే కూర్చుంటుంది. ఫోటో కాగితం మీద ఈ పరీక్ష చేస్తే మోసపోతారు, దాని పూత డైని కూడా కొంత పట్టి ఉంచుతుంది. ఇంకా ఖాతరీ కావాలంటే ఒక ఫోటోలో సగం నల్లకాగితంతో కప్పి ఏప్రిల్‌లో కిటికీకి అంటించండి. జూన్‌లో తీసి చూడండి. అనంతపురం ఎండ కంటే కఠినమైన ఇంతిహాన్ ఏ ల్యాబ్‌లోనూ లేదు, పైగా ముఫ్త్.

ఇక ఖర్చు. "మోటర్ సైకిల్ అంత డబ్బు ప్రింటర్‌కా భాయ్?" అంటారు. మరి వలీమాకు డ్రోన్ ఎందుకు ఎగరేశారు? స్టేజీ మీద పొగ ఎందుకు వదిలారు? కరిజ్మా ఆల్బమ్ కోసం సూట్‌కేసంత పెట్టె ఎందుకు చేయించారు? నాలుగు వందల మంది భోంచేస్తున్న ఫోటోల్లో మీ దాదీ మొహం ఎన్నింటిలో ఉందో లెక్కపెట్టారా? ఇస్రాఫ్ గురించి జుమా రోజు విని, శనివారం వీడియో అడ్వాన్స్ ఇచ్చే మనం, తరతరాలకు ఉండాల్సిన నాలుగు తస్వీర్ల దగ్గరికొచ్చేసరికి కిఫాయత్ గుర్తుచేసుకుంటాం. కలర్ ల్యాబ్‌లో మంచి కాగితం మీద తీసిన ప్రింట్లు ఈ రోజుల్లో బాగానే ఉంటాయి, వాటితో నాకు శికాయత్ లేదు. 1984 నాటి కాగితం కాదది. శికాయత్ అంతా ఫ్రేము కట్టే దుకాణం మూలన ఉన్న ఆ రీఫిల్ డబ్బా మీదే.

అయినా ఇంటింటికీ ఒక పిగ్మెంట్ ప్రింటర్ కొనమని నేను చెప్పను. కొంటే చెడిపోతుంది. దీనికి కారణం కూడా మా కరువే. పిగ్మెంట్ రేణువు కరగదు అన్నాను కదా, నిలవ ఉంటే అడుక్కు దిగుతుంది, నాజిల్‌లో ఆరితే గడ్డకడుతుంది. మా పొడి గాలిలో, మార్చి నుంచి జూన్ దాకా, నెలరోజులు వాడకుండా వదిలిన ప్రింటర్ తెరిస్తే ఫోటోలో గీతలే గీతలు. హెడ్ క్లీనింగ్ కొట్టిన ప్రతిసారీ ఖరీదైన ఇంక్ వేస్ట్ ట్యాంకులోకి పోతుంది. ఏడాదికి నాలుగు పండగలకు ఎనిమిది ఫోటోలు తీసే ఇంటికి ఇది ఏనుగును కట్టేయడమే.

అందుకే మొహల్లాకు ఒకటి కొనండి అంటున్నాను. పదిళ్లు కలిసి కొంటే ఒక్కో ఇంటికి పడేది వలీమా స్వీటు ఖర్చు. వారానికి రెండు మూడు ఫోటోలు ఎవరో ఒకరివి పడుతూనే ఉంటాయి, నాజిల్ ఆరదు. డిగ్రీ చేసి ఇంట్లో కూర్చున్న బేటీలు ప్రతి గల్లీలో ఉన్నారు, ఒకరికి అప్పగించండి, ప్రింటుకు ఇంత అని ఆమెకు ఉజ్రత్ ఇవ్వండి. మా దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి చిన్న యూపీఎస్ తప్పనిసరి. మధ్యలో కరెంటు పోతే హెడ్ మూత పడకుండా బయటే నిలిచిపోతుంది, రాత్రికి రాత్రే ఆరిపోతుంది. ఆపేటప్పుడు కూడా గోడ స్విచ్ కాదు, ప్రింటర్ బటనే నొక్కాలి. దుమ్ము పడకుండా ఒక పాత దుపట్టా కప్పితే చాలు.

బేటీ అని ఊరికే అనలేదు. మన ఇళ్లలో గోడల మీద మర్దులే ఎందుకున్నారు? నానీకి రెండే ఫోటోలు ఎందుకు? ఇంటి ఆడవాళ్ల తస్వీర్ బజారులో పరాయి మనిషి కంప్యూటర్లో పెట్టడానికి మన పెద్దలు ఒప్పుకోలేదు. ఆ భయం వట్టిది అని నేను అనను. పెన్ డ్రైవ్ ఇచ్చి వచ్చాక అందులోది ఆ కంప్యూటర్లో ఎన్నాళ్లు ఉంటుందో ఎవరు చూశారు? కానీ ఈ భయానికి హల్ మన దక్కన్‌లోనే ఒకసారి వెతికారు. 1892లో హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ ఒక జనానా స్టూడియో తెరిచాడు. పర్దానషీన్ ఔరత్‌ల కోసం ఎత్తైన గోడల మధ్య కట్టించి, కెనీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ చేతిలో పెట్టాడు. తర్వాత ఆరో నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ ఖితాబు ఇచ్చాడు. నూటముప్పై ఏళ్ల కింద పెద్ద ఇళ్ల బేగమ్‌లకు దొరికిన ఆ సౌకర్యం ఇప్పుడు ఒక గదిలో టేబుల్ మీద పడుతుంది. ఫోటో తీసేది ఇంటి ఆడపిల్ల ఫోన్, ప్రింటు తీసేది గల్లీ ఆడపిల్ల, చూసేది ఖాందాన్. బజారు మధ్యలో లేదు.

తస్వీర్ జాయజా కాదా అనే మస్లాలోకి నేను దిగను, అది ఉలమాల పని. గోడకు వద్దనుకునేవాళ్లు వద్దనుకోండి. ఆధార్‌కూ పాస్‌పోర్ట్‌కూ హజ్‌కూ దిగిన ఫోటోయే పెట్టెలో దాచుకోండి. ఫోటో చీకట్లో ఉంటే ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. ఈ విషయంలో మాత్రం మా కరువు నేల ఒక ఎహ్‌సాన్ చేసింది, కోస్తా ఇళ్లలో ఆల్బమ్‌లకు పట్టే బూజు మా దగ్గర అంతగా పట్టదు.

కాగితం విషయంలో కక్కుర్తి పడొద్దు. స్టేషనరీ షాపులో దొరికే చౌక గ్లాసీ కాగితం మీద పిగ్మెంట్ ఇంకదు, పైనే తేలి వేలికి అంటుకుంటుంది. అది చూసి "పిగ్మెంట్ బాగాలేదు" అని తీర్పు ఇచ్చేస్తున్నారు కొందరు. పిగ్మెంట్‌కు పనికొస్తుందని ప్యాకెట్ మీద రాసి ఉన్న కాగితమే కొనండి. డై ప్రింటర్లో ఎవరో చెప్పారని ఊరూ పేరూ లేని పిగ్మెంట్ పోసే తజ్రుబా కూడా వద్దు, వారంటీ పోతుంది, హెడ్ కూడా పోవచ్చు. మర్హూమీన్ ఫోటోలు ఒక నకలు నలుపు తెలుపులో తీయించండి. పిగ్మెంట్ ఇంక్‌లన్నిట్లో గట్టిది నలుపే, అది మసే కాబట్టి. రంగులు ఎప్పుడు పోయినా ఆ మొహం ఉంటుంది.

ప్రింటు వెనక బాల్‌పెన్‌తో రాయొద్దు, ఆ సియాహీ ఇవతలికి దిగుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, గట్టిగా నొక్కకుండా, పేరు, వాలిద్ పేరు, ఊరు, సాలు రాయండి. ఆడవాళ్ల ఫోటో వెనక "ఫలానా ఆయన బీవీ" అని మాత్రమే రాసి వదిలేయకండి, ఆమె పేరు కూడా రాయండి. మా ఇంట్లో వెండి ప్రింటు ఒకటుంది, నలుగురు ఔరత్‌లు తెల్లటి దుపట్టాల్లో, చెవుల కమ్మలు కూడా స్పష్టంగా కనబడతాయి. వాళ్లెవరో చెప్పగలిగిన చివరి మనిషి నానీయే.